పదకొండో రాయి దగ్గర అయిదో వేలు

భాద్రపద శుద్ధ ద్వాదశి

ఉదయం ఆరున్నరకు నాలుగో తెర ఆరిపోయింది. తీగ ఊడదీసి మళ్ళీ పెట్టాను. పక్క తెరను దాని స్థానంలో తగిలించి చూశాను. తప్పు తెరది కాదు, గ్రాఫిక్స్ కార్డుది. తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది. రెండేళ్ళ కిందట ఫ్యాను రెక్క విరిగితే వెదురు బద్ద చెక్కి నేనే అతికించాను. ఇంకా ఎంతకాలమని లాగుతుంది.

నాలుగో తెర అంటే సముద్రపు కట్ట మీద పది, పదకొండు, పన్నెండు నంబర్ల రాళ్ళ దగ్గరి కెమెరాలు. పదకొండో రాయి కింద మా పాలెం. మూడు వందల నలభై ఇళ్ళు. అందులో ఒక ఇంట్లో నా మొగుడూ ఇద్దరు పిల్లలూ ఉన్నారు. పోటు మీదున్నప్పుడు కట్టకు అవతల సముద్రం మా ఇంటి చూరు కంటే ఎత్తున ఉంటుంది.

ఈ పుస్తకం నా తరవాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళు చదువుతారు కాబట్టి నా పద్ధతి రాసిపెడుతున్నాను. నేను సముద్రాన్ని చూడను. కట్టకు ఇవతలి వైపు, అడుగున, పొడి నేల మీద చెమ్మ కోసం చూస్తాను. ఎండ్రకాయలు కట్టలో బొరియలు చేస్తాయి. ఆ దారిన నీళ్ళు ఊరుతాయి. ఊరిన నీళ్ళు తేటగా ఉంటే రెండు రోజులు ఆగొచ్చు. బురదగా ఉంటే కట్ట లోపలి మట్టి కరిగి వస్తోందని అర్థం, ఒక్క పూట కూడా ఆగకూడదు. చేటంత చెమ్మ నా తెర మీద నాలుగు చుక్కలు. ఒక్కో తెరకు మూడు కోట్ల పైచిలుకు చుక్కలు ఉంటే, నేను వెతికేది ఆ నాలుగింటి కోసం. చీకట్లో కెమెరాలకు చెమ్మ తెలియదు కనక కాపలా అంతా పగలే.

మా అమ్మ కాలంలో ఈ పని యంత్రమే చేసేది. చూసేదీ అదే, చెప్పేదీ అదే. అది చెప్పని రోజున ఉప్పలదిబ్బ ఊరంతా మునిగింది. అప్పటినుంచి మనిషి కన్నే చూడాలని కట్టాఫీసు నియమం. ఈ పుస్తకంలో మనిషి చెయ్యే రాయాలి.

ఇంకొక నియమం మేము పెట్టుకున్నది. కట్ట మీద రోజూ నడిచే మనిషి ఏడుకొండలు బాబాయి. అరవై దాటాయి. సముద్రం వైపు పేర్చిన బండలు కదిలాయా అని చూస్తూ పొద్దుటినుంచి సాయంత్రం దాకా నడుస్తాడు, తిరుగు దారిలో జీడిపప్పు బండి ఎక్కి వస్తాడు. ఒక్కో రాయి దగ్గర కెమెరా కింద ఆగి, తనకు తోచినన్ని వేళ్ళు ఎత్తి చూపుతాడు. నేను చూసి రాస్తాను. సాయంత్రం ఇద్దరం పద్దెనిమిది అంకెలూ సరిచూసుకుంటాం. తెర బతికి ఉందనీ, కుర్చీలో మనిషి కునుకు తియ్యలేదనీ దానితో తేలుతుంది. దీన్ని చెయ్యి చూపడం అంటాం. ఎడమ చేత గెడ పట్టుకుంటాడు, కుడి చేత్తో చూపుతాడు. ఎడమ చేతి ఉంగరం వేలు చిన్నప్పుడే పడవ తాడులో చిక్కి పోయింది.

ఇవాళ పదీ పదకొండూ పన్నెండూ రాళ్ళ అంకెలు రాయలేదు. ఆఫీసుకు కబురు పంపాను.

శుద్ధ చతుర్దశి

దివాకరం గారు చీటీ పంపారు. ఒక గ్రాఫిక్స్ కార్డు తీసుకోవచ్చు, ఈ ఏటికి ఒక్కటే అని. దివాకరం గారు మా కట్టాఫీసు అధికారి. మంచాయనే కానీ, చీటీ ఇచ్చేటప్పుడు తన ఒంట్లోంచి ఒక ఎముక తీసి ఇస్తున్నట్టు ఇస్తారు.

కొత్త కార్డులు చేసేవాళ్ళు ఇప్పుడు ఎక్కడా లేరు. ఉన్నవన్నీ మునిగిన పట్నాల్లోంచి తీసి బాగుచేసినవి. మస్తాన్‌బీ పడవలో తెస్తుంది. పౌర్ణమికీ అమావాస్యకీ తప్ప మా కాలవలో ఆ పడవ ఆనేంత నీరుండదు. రేపు పౌర్ణమి.

పౌర్ణమి

మస్తాన్‌బీ పడవ పదింటికి వచ్చింది. రెండే కార్డులు ఉన్నాయి.

ఒకటి ఇటుక రాయంత బరువు. ఒకప్పుడు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు చూసే గదిలో ఉండేదట. వెనక నాలుగే సాకెట్లు. నాకు ఆరు తెరలు. నాలుగో సాకెట్టుకు చీలిక పెట్టె తగిలించి మిగతా తెరల్ని దాని మీద లాగాలి. అలా చేస్తే అన్ని తెరలకూ చుక్కలు పూర్తిగానే వస్తాయి కానీ, సెకనుకు అరవై బొమ్మలు రావలసింది ఇరవై నాలుగే వస్తాయి. తగిలించి చూశాను. అలలు కుంటుతూ వస్తున్నాయి. రంగు కూడా పాలిపోయింది. పైగా ఫ్యాను రొద, పక్కన పిండిమర ఆడుతున్నట్టు.

రెండోది అరచెయ్యంత. వెనక ఆరు సాకెట్లు. అది తగిలించగానే తెర దగ్గరకు జరిగాను. అల విరిగితే నురగలో బుడగలు లెక్కపెట్టొచ్చు. కొంగ రెక్క మీద ఈక ఈకా కనపడుతోంది. వేడి లేదు, చప్పుడు లేదు.

మస్తాన్‌బీ ఆస్పత్రి కార్డు వైపే మొగ్గింది. ఆమె మాటలు అప్పుడు నవ్వులాటగా తీసుకున్నాను కనక ఇక్కడ ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

“నాంచారక్కా, ఈ చిన్నది గీసేది తక్కువ, చూపిచ్చేది ఎక్కువ. డాక్టర్లు వాడిందే తీసుకో. దానికి సొంత తెలివి లేదు, అంతే.”

తెలివి లేనిదాన్ని నేనేం చేసుకోను అన్నాను. పన్నెండేళ్ళుగా తెరలు చూస్తున్నదాన్ని, కార్డు ఎంచుకోవడం పడవమ్మాయి నాకు నేర్పాలా అనుకున్నాను. చిన్నదే తీసుకున్నాను. చీటీ ఇచ్చేశాను.

బహుళ పాడ్యమి

కార్డు బిగించాను. ఆరు తెరలూ వెలిగాయి. గది గదంతా కొత్తగా ఉంది. ఇన్నాళ్ళూ పాత కార్డులో కట్ట అడుగున గరుగ్గా, గింజలు చల్లినట్టు ఉండేది. ఇప్పుడు నున్నగా, అలికిన అరుగులా ఉంది. అంకెలు పద్దెనిమిదీ సరిపోయాయి. చెమ్మ లేదు.

బహుళ తదియ

అంకెలు సరి. చెమ్మ లేదు. కళ్ళు మండడం తగ్గింది. పిల్లల్ని తీసుకొచ్చి కొంగను చూపించాను.

బహుళ పంచమి

దివాకరం గారు వచ్చారు. తెరల ముందు చాలాసేపు నిలబడ్డారు. నా ఎంపికను మెచ్చుకున్నారు. నాకు గర్వంగానే ఉందని ఒప్పుకుంటున్నాను. కాఫీ తాగి, వచ్చే నెల శుద్ధ పాడ్యమి నుంచి కట్ట మీద నడిచే మనిషి అవసరం లేదని రాసిచ్చారు. ఇంత స్పష్టంగా కనపడుతుంటే ఆ వయసు మనిషిని ఎండలో ఎందుకు తిప్పడం అని ఆయన ఉద్దేశం. ఏడుకొండలు బాబాయిని బస్తాల కొట్టులో కూర్చోబెడతారట.

నేను ఒక మాట అడ్డం వెయ్యాల్సింది. వెయ్యలేదు. కార్డు పనికిరాదని నేనే చెప్పినట్టు అవుతుందనిపించింది.

సాయంత్రం బాబాయికి చెప్పాను. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. గెడ గోడకు ఆనించి కూర్చుని, “అయితే ఇంక చెయ్యి ఎవరికి చూపాలే?” అన్నాడు. నేను పుస్తకం తెరిచి అంకెలు చదివాను. సరిపోయాయి. చెమ్మ లేదు.

బహుళ అష్టమి

అంకెలు సరి. చెమ్మ లేదు. రానున్న మహాలయ అమావాస్య పోటు ఏడాదిలోకెల్లా పెద్దది. ఆ రోజు అన్ని రాళ్ళ దగ్గరా ఇసక బస్తాలు సిద్ధంగా ఉంచమని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

బహుళ దశమి

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

సాయంత్రం అంకెలు సరిచూసుకుంటున్నాం. పదో రాయి రెండు, రెండు. పదకొండో రాయి దగ్గర నేను అయిదు అన్నాను. బాబాయి నాలుగన్నాడు. నేను మళ్ళీ పుస్తకం చూసి అయిదే అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. ఈ గదిలో చూడకుండా అంకె రాయడం కంటే పెద్ద తప్పు లేదు. తెరవైపు చూడకుండా రాసేశావా అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. పని పోతోందని నా మీద అక్కసు తీర్చుకుంటున్నావా అనేశాను. అనకూడని మాటే, కానీ అన్నాను కనక రాస్తున్నాను.

ఆయన ఎడమ చెయ్యి తెచ్చి నా పుస్తకం మీద బోర్లా పెట్టాడు.

“కుడి భుజం పట్టేసిందే పొద్దున. గెడ ఆ చేత్తోనే ఆనించుకుని ఎడమ చెయ్యి మొత్తం తెరిచి చూపిచ్చా. దీంట్లో అయిదో వేలు నీకెక్కడ కనపడిందో చెప్పు.”

నాలుగు వేళ్ళు. మధ్యలో ఖాళీ. పన్నెండేళ్ళుగా చూస్తున్న చెయ్యి.

నేను చూశాను. ఒట్టు పెట్టమన్నా పెడతాను, తెరలో అయిదు వేళ్ళు ఉన్నాయి. అయిదో దానికి గోరు కూడా ఉంది. ఎంత స్పష్టంగా ఉందంటే, ఆ వేలు పోయిందన్న సంగతే నాకు తట్టలేదు. అదే చెప్పాను. ఈసారి ఆయన నన్ను తిట్టలేదు. లేచి గది బయట ఉన్న ఒకటో రాయి దగ్గరకు వెళ్ళి, కెమెరా కింద ఎడమ చెయ్యి ఎత్తాడు. ఇంకా వెలుతురు ఉంది.

ఒకటో తెర మీద అయిదు వేళ్ళు. ఆయన వేళ్ళు ఆడించాడు. అయిదూ ఆడాయి. కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను, నాలుగు. తెర, అయిదు. 

మస్తాన్‌బీ చెప్పింది ఇదే. ఈ కార్డు చుక్కల్లో మూడో వంతే నిజంగా గీస్తుంది. మిగతా రెండు వంతులూ తనకు తెలిసినదాన్ని బట్టి ఊహించి నింపుతుంది. రెండు వేళ్ళు ఎత్తిన చెయ్యి దానికి తెలుసు, మూడు ఎత్తినదీ తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ అంకెలు సరిపోయాయి. వేలు లేని చెయ్యి దానికి తెలియదు, కాబట్టి వేలు పెట్టింది. మరి నున్నటి కట్ట మీద నాలుగు చుక్కల చెమ్మ దానికి తెలుసా? మురికి అనుకుని తుడిచేస్తుంది. పాత కార్డులో గింజలు చల్లినట్టుండేవి కట్ట మీది నిజమైన మట్టి గింజలే.

సెట్టింగుల్లోకి వెళ్ళి ఊహించడం ఆపేశాను. బొమ్మలు చెదిరి, ఆరు తెరలూ పొగ పట్టినట్టు అయిపోయాయి. ఆ కార్డు అసలు బలం అంతే. అందులో చేటంత కాదు కదా, మంచమంత తడిసినా కనపడదు.

సముద్రాన్ని చూసి కార్డు ఎంచుకున్నాను. నా పని కట్టను చూడడం. పది రోజులుగా నేను కట్టను చూడలేదు.

దివాకరం గారికి ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన “పొద్దున్నే మూడు పాలేల్లోనూ అందర్నీ కట్ట అడుగుకి రమ్మను, నేనూ వస్తున్నా” అన్నారు.

బహుళ ఏకాదశి

తెల్లవారగానే కట్ట వెంట ఉన్న మూడు పాలేల జనం కట్ట అడుగున వరసగా నడిచాం. పదో రాయి నుంచి పన్నెండు దాకా మా పాలెం వంతు. అక్కడ మోకాటి ఎత్తున పల్చటి గడ్డి. పైన నడిచే బాబాయికి అడుగు కనపడదు, అందుకే అడుగు చూసే పని తెరలది. నా కళ్ళ మీద నాకు నమ్మకం పోయింది. చెప్పులు విడిచి నడిచాను.

పదకొండో రాయి దాటి నలభై అడుగులు వెయ్యగానే పాదానికి చల్లగా తగిలింది. గడ్డి విడదీశాను. చేటంత కాదు, చాపంత. మధ్యలో బొటనవేలు పట్టే బొరియ, అందులోంచి నీళ్ళు ఉడుకుతున్నట్టు పైకి వస్తున్నాయి. చేతిలోకి తీసుకున్నాను. బురద. అక్కణ్ణుంచి చూస్తే మా ఇంటి పెరట్లో ఆరేసిన నా చీర కనపడుతోంది.

లేచి రెండు చేతులూ ఊపాను. బాబాయి పైనుంచి చూసి గెడ ఎత్తాడు. జనం పరుగెత్తుకొచ్చారు.

బొరియను మూయకూడదు. మూస్తే నీళ్ళు ఇంకోచోట దారి చేసుకుంటాయి. చుట్టూ ఇసక బస్తాలు బావి గట్టులా పేర్చాలి. గట్టు లోపల నీళ్ళు నిలిచి ఎత్తు పెరిగేకొద్దీ, అవతలి ఒత్తిడికి ఎదురు నిలుస్తాయి. మట్టి కదలడం ఆగుతుంది. ఇది మాకందరికీ తెలిసిన పనే. దివాకరం గారు చొక్కా విప్పి బస్తాలు పట్టుకున్నారు. సాయంత్రానికి నడుమెత్తు గట్టు లేచింది. నీళ్ళు ఇంకా బురదగానే ఉన్నాయి.

బహుళ త్రయోదశి

గట్టు ఛాతీ ఎత్తుకు పెంచాం. ఒక వైపు జారితే మళ్ళీ పేర్చాం. పాలెంలో పిల్లల్నీ, పెద్దవాళ్ళనీ మిట్ట మీది బడికి పంపేశారు. నా పిల్లలు వెళ్తూ కొంగను చూడొచ్చా అని అడిగారు. వాళ్ళ నాన్నే ఏదో చెప్పి తీసుకెళ్ళాడు.

తెరలు ఆపేశాను. మిగతా కట్ట అంతా మనుషులే చూస్తున్నారు, రాయికి నలుగురు చొప్పున.

జనం నన్ను ఏమీ అనడంలేదు. అదే కష్టంగా ఉంది. ఇవాళ మధ్యాహ్నం బస్తాల దగ్గర బాబాయి పక్కన కూర్చుని, ఆ రోజు అన్న మాటకు క్షమించమన్నాను. “చూసిందే రాశావు గందా, నీ తప్పేముంది” అన్నాడు. నా తప్పు చూడడంలో లేదు, నచ్చినదాన్ని చూడడంలో ఉందని చెప్పాను. ఆయన అన్నం మూట విప్పి సగం నా వైపు జరిపాడు.

మహాలయ అమావాస్య

పోటు పదకొండుంబావుకు పూర్తిగా ఎక్కింది. అవతల సముద్రం కట్ట అంచుకు మూరెడు కింద ఉంది. గట్టు లోపల నీళ్ళు బస్తాల అంచుకు జానెడు కింద దాకా లేచాయి. అందరం ఆ నీళ్ళనే చూస్తూ నిలబడ్డాం. పన్నెండు దాటాక నీళ్ళు పెరగడం ఆగింది. ఒంటిగంటకు స్టీలు గ్లాసుతో ముంచి ఎండకు ఎత్తి పట్టుకున్నాను. గ్లాసు అడుగు కనపడింది. చూపిస్తే బాబాయి, “నువ్వే చెప్పు” అన్నాడు. తేట అన్నాను.

అప్పుడు ఏడ్చాను. అందరి ముందూ ఏడ్చాను.

పోటు మీద మస్తాన్‌బీ పడవ కూడా వచ్చింది. ఆస్పత్రి కార్డు ఇంకా అమ్ముడుపోలేదు. ఇంకో చీటీ లేదు. ఆ సంగతి నేను మొదలెట్టకముందే ఆమె కార్డు తీసి నా ఒళ్ళో పెట్టింది. చిన్నదాన్ని తిరిగి తీసుకుంది.

“ఇది పెళ్ళి హాలు వాళ్ళకి ఇస్తాలే అక్కా. అక్కడ అందరూ అందంగా కనపడితే చాలు.”

అయిదు రోజుల తరవాత మొదటిసారి నవ్వాను.

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి

ఆస్పత్రి కార్డు పొద్దున్నే బిగించాను. నాలుగు సాకెట్లూ, చీలిక పెట్టె కూడా కలిపి ఆరు తెరలు, అన్నిటికీ పూర్తి చుక్కలు, సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు. అలలు కుంటుతున్నాయి. కుంటనీ, కట్ట ఎక్కడికీ పరుగెత్తదు. అడుగున గింజలు మళ్ళీ కనపడుతున్నాయి. పదకొండో రాయి దగ్గర బస్తాల గట్టు పక్కన తడి నేల తెరమీద నల్లగా, వికారంగా ఉంది. ఇంత బాగా కనపడినందుకు దానికి దండం పెట్టాను. ఫ్యాను రొదకు చెవుల్లో దూది పెట్టుకున్నాను.

ఇక్కడ కూర్చునేవాళ్ళకు ఒక మాట. కార్డు ఎంచుకునేటప్పుడు సముద్రం, కొంగ, నురగ చూడకండి. వేలు పోయిన మనిషిని కెమెరా కింద నిలబెట్టి చెయ్యి ఎత్తమనండి.

వెనక్కి వెళ్ళి, బహుళ పాడ్యమి నుంచి దశమి దాకా నేను రాసిన ‘చెమ్మ లేదు’లన్నిటినీ కొట్టేశాను. ఒక్కోదాని పక్కన ‘చూడలేదు’ అని రాసి సంతకం పెట్టాను. దివాకరం గారు ఆ పేజీలన్నీ చదివారు. నన్ను కుర్చీలోంచి తీసేస్తారనుకున్నాను. ఆయన జేబులోంచి తన పంచమి నాటి ఉత్తరువు తీసి, దాన్నీ కొట్టేసి, కింద సంతకం పెట్టి ఇదే పుస్తకంలో అంటించమని ఇచ్చారు. అంటించాను.

బాబాయి మామూలుగానే ఆరింటికి బయల్దేరాడు. భుజం నొప్పి తగ్గిందట. ఒకటి నుంచి పది దాకా కుడి చేత్తోనే చూపాడు. ఒకటి, మూడు, రెండు, రెండు, అయిదు, ఒకటి, నాలుగు, మూడు, అయిదు, రెండు.

పదకొండో రాయి దగ్గర ఆగాడు. గెడ కింద పెట్టాడు. కెమెరా వైపు తిరిగి రెండు చేతులూ బాగా పైకెత్తి, వేళ్ళన్నీ విప్పాడు. బొమ్మ పాలిపోయి, తునకలు తునకలుగా కదులుతోంది. నేను కుర్చీలోంచి లేచి, తెర దగ్గరకు వెళ్ళి, ఒక్కో వేలూ నా వేలితో తాకుతూ లెక్కపెట్టాను.

పదకొండో రాయి: తొమ్మిది.